బసమ్మ పలక

చైత్ర బహుళ విదియ

ఈ రోజు వేసవి తలుపులు మూశారు. ఇక తొలకరి పడేదాకా తెరవరు. బయటికి పోయి రావడానికి నాకొక్కడికే చిన్న తలుపు ఉంది. తెల్లవారకముందే తడిగోనె కప్పుకుని వెళ్లి, బట్టీ అద్దాల మీద దుమ్ము తుడిచి, నిన్న కొట్టిన తెల్లరాయి నింపి, ఎండ రాకముందే లోపలికి వచ్చేశాను. మిగతా పని ఎండే చేసుకుంటుంది. అద్దాలన్నీ వెలుగును ఒకచోటికి తోస్తే మధ్యాహ్నానికి రాయి ఎర్రబడి తనలోని గాలిని ఆకాశానికి వదిలేస్తుంది. సాయంత్రానికి సున్నపు గడ్డలు మిగులుతాయి.

తలుపులు మూసినప్పటి నుంచి తెరిచేదాకా బట్టీవాడు ఎప్పటికప్పుడు రాసి పెట్టాలని మా గవిలో, కొండ కింది ఈ గుహలో, నియమం. నేను బడికి వెళ్లలేదు. పాత సిమెంటు సంచుల మీది అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. నా రాతలో ఇంపు ఉండదు. ఏం జరిగిందో అది ఉంటుంది.

కింది నీళ్ల తొట్టి మళ్లీ కారుతోంది. నల్లరాయి సున్నం కలిపి పూడ్చాలి. నల్ల నాపరాయిని కాలిస్తే వచ్చే సున్నం నీళ్లలోనే గట్టిపడుతుంది. తొట్లకూ మెట్లకూ అంతకు మించింది లేదు. గోడకు పూస్తే మాత్రం ఉపయోగం లేదు. అది మనిషి వదిలిన ఊపిరి తాగదు.

నా కూతురు సుంకమ్మకు నెలలు నిండుతున్నాయి. జ్యేష్ఠంలో కాన్పు అని మంత్రసాని అంటోంది. అల్లుడు లింగన్న నాచు తొట్ల దగ్గర పనిచేస్తాడు. మేము వదిలే గాలిలో నాచు తాగగలిగినంత నాచు తాగుతుంది. మిగిలింది గోడలు తాగాలి.

చైత్ర బహుళ దశమి

తూర్పు గనిలో తెల్లరాయి అయిపోయింది.

మా నాయన కాలంలో ఆ పొర మనిషి ఎత్తు ఉండేదట. నేను పనిలో చేరినప్పుడు నడుము దాకా ఉండేది. పోయిన ఏడు జానెడు. ఈ రోజు గునపం దించితే రాయి మోగిన తీరు మారింది. తెల్లరాయి మెత్తగా ముక్క ఇస్తుంది. నాపరాయి ఖణేలుమంటుంది, పలకలు పలకలుగా లేస్తుంది. అటూ ఇటూ తవ్వి చూశాను. అంతా నలుపే.

ఎర్రదిబ్బ వైపు గుల్లరాయి ఉంది కానీ అందులో సగం మట్టి. కాలిస్తే బూడిదలాంటిది వస్తుంది. మా గవి కప్పుకు వేలాడిన ఊటరాళ్లు అన్నిటికంటే మేలైనవి. చుక్క చుక్క నీటితో వేల ఏళ్లు పెరిగిన రాయి, అందులో మట్టి అన్నదే ఉండదు. వాటిని మా తాతల తరమే కాల్చేసింది. తల పైకెత్తితే ఇప్పుడు మొదళ్లు మాత్రం కనిపిస్తాయి. ఇంకా తవ్వితే కప్పు మా నెత్తిన పడుతుంది.

పూసిన సున్నం ఊపిరి తాగి తాగి మళ్లీ రాయి అయిపోతుంది. దాన్ని గీకి మళ్లీ కాల్చవచ్చు. కాలుస్తాం కూడా. కానీ కాల్చిన ప్రతిసారీ దాని ఆకలి తగ్గుతుంది. మూడోసారి కాలిన సున్నం ముసలిది. ఏడాదికోసారి ప్రతి మనిషీ పడుకునే చోట కొత్త రాతి సున్నం పూసుకుంటేనే తలుపులు మూసిన నెలలు గడుస్తాయి. ఈ ఏడు సగం ఇళ్లకు కూడా ఇంకా అందలేదు.

గాలి పెద్ద రంగలక్ష్మమ్మకు వెళ్లి చెప్పాను. గవిలో ఎవరి వంతు ఎంతో చెప్పేది ఆమే. ఈ మాట అందరికీ తానే చెబుతానని, నన్ను ఇంటికి పొమ్మని అంది.

వైశాఖ శుద్ధ తదియ

పెద్ద గదిలో అందరినీ కూర్చోబెట్టారు. దీపాలు నేల మీద పెట్టారు. చెడ్డగాలి బరువుగా ఉండి కిందికి దిగుతుంది కనుక నేల మీది దీపానికే ముందు తెలుస్తుంది. మంటలు పొట్టిగా, సోలుతూ ఉన్నాయి. అందరూ చూశారు. రంగలక్ష్మమ్మ ఎక్కువ మాట్లాడవలసిన అవసరం రాలేదు. గూళ్లలోని ఊపిరి పలకలు కాల్చక తప్పదంది.

మా దగ్గర మనిషి పోతే ఆ మనిషి పడుకున్న పక్క గోడను గీకి, ఆ పొడిని తడిపి పలకగా అదిమి ఇంటి గూట్లో పెడతాం. పోయినవాళ్ల చివరి ఊపిరంతా అందులో రాయై ఉంటుంది. ఇంటివాళ్లు గీకకూడదు, పక్కింటి ఆడమనిషే గీకాలి. ఆ పలకలు ఒక్కసారి మాత్రమే కాలిన రాయి. ఇప్పుడు గవిలో మిగిలిన బలమైన సున్నం వాటిలోనే ఉంది.

ఎవరూ అరవలేదు. ఎవరో ముక్కు చీదుకున్నారు. ఓబులమ్మ అవ్వ మాత్రం కూర్చున్నచోటి నుంచే అంది:

"మా ముసిలోడు బతికినన్నాళ్లు నా మాట ఇనింది ల్యా. ఇప్పుడన్నా నేను చెప్పినట్ల కాలతాడులే."

కొందరు నవ్వారు. అవ్వ నవ్వలేదు.

కాన్పు ఉన్న ఇంటికి ఒక్క సడలింపు ఇచ్చారు. పుట్టిన బిడ్డ ఉయ్యాల పక్క గోడకు నేల నుంచి నడుము ఎత్తు దాకా బలమైన సున్నం పూయాలి. ఆ గోడ లేకపోతే తల్లీబిడ్డా తలుపుల దగ్గరి పై గదిలో ఉండాలి. అక్కడ సందుల్లోంచి బయటి గాలి వస్తుంది, దానితో బయటి వేడీ వస్తుంది. వేసవిలో ఆ గదికి ఎక్కిన పసిపిల్లల్లో తిరిగి దిగినవాళ్లు తక్కువ. అందుకని నా భార్య బసమ్మ పలకను సుంకమ్మ బిడ్డ కోసం ఉంచుకోమన్నారు.

లేచి వస్తుంటే వెనక ఎవరో, బట్టీవాడి ఇంటి గూడు మాత్రం నిండుగానే ఉంటుందప్పా అన్నారు. తిరిగి చూడలేదు.

వైశాఖ శుద్ధ ఏకాదశి

పలకలు గంపల్లో వచ్చాయి. కొన్ని చేటంత, కొన్ని అరచేయంత. చిన్నవి పిల్లలవి. బయటికి ఎవరూ రాలేరు కనుక ప్రతివాళ్లూ చిన్న తలుపు దగ్గర పలకను నా చేతికిచ్చి పేరు చెప్పారు. ఆ పేరు పైకి పలికి బట్టీలో పెట్టమన్నారు. నేను మాట తక్కువ మనిషిని. ఇన్ని పేర్లు ఒక్కసారిగా ఎన్నడూ పలకలేదు. ఓబులమ్మ అవ్వ తన పలకను కొంగుతో తుడిచి ఇచ్చింది. పేరు చెప్పబోయి, నీకు తెలుసుగదా అని ఆగిపోయింది.

పొగ రాలేదు. ఎండ బట్టీకి పొగ ఉండదు. బట్టీ నోటి మీద గాలి కాసేపు అదిరింది. అంతే.

సాయంత్రం తూస్తే అన్నీ సగానికి దగ్గరగా తగ్గాయి. అలాగే తగ్గాలి. ఆ తగ్గినదే వాళ్ల ఊపిరి. గడ్డల మీద నీళ్లు పోస్తే బుసబుసలాడుతూ పొంగి, పగిలి, పిండిలా విరిశాయి. మంచి సున్నం. పెద్ద గదికి పూశారు. పొద్దుటికి నేల మీది దీపాలు నిటారుగా నిలబడ్డాయి.

ఆ గదిలో పడుకున్నవాళ్లు గోడ వైపు తిరిగి పడుకున్నారని లింగన్న చెప్పాడు.

వైశాఖ బహుళ పంచమి

సుంకమ్మకు నెల ముందే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. పిడికెడంత ఉంది. ఏడ్చింది కానీ గట్టిగా ఏడవలేదు.

ఉయ్యాలను కప్పు దగ్గరగా ఎత్తి కట్టాం. పైన గాలి కొంత నయం, కానీ ఉక్క. పాలు తాగుతూ తాగుతూ కళ్లు మూసేస్తోంది. సుంకమ్మ పాదం గిల్లి లేపుతోంది. రంగలక్ష్మమ్మ వచ్చి చూసి, గోడ తొందరగా కానిమ్మంది. అష్టమి దాకా చూస్తానని, ఆ తర్వాత పై గదికి పంపక తప్పదని చెప్పింది. చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేదు.

గూట్లోంచి బసమ్మ పలక తీశాను. పక్కనే ఆమె సుద్దముక్క అలాగే ఉంది. ముగ్గులకని ఎప్పుడూ ఒకటి దగ్గర పెట్టుకునేది. సుద్ద కూడా సున్నపు జాతిదే, కానీ కాల్చని సుద్ద కడుపు నిండిన రాయి. ఇంత ముక్క ముగ్గుకూ గీతకూ తప్ప పనికిరాదు.

ఆమె పోయి మూడేళ్లు. చివరి ఏడు దగ్గుతోనే గడిచింది. అయినా పొద్దున లేవగానే నా చెయ్యి పట్టుకుని తన పక్క గోడకు ఆనించేది. గోడ ఇంకా తాగుతున్నదో లేదో తెలిసేది అరచేతికే. తెల్లగా అంటితే ఆకలి ఉన్నట్టు, అంటకపోతే నిండిపోయినట్టు.

"సూడు, ఎంత తెల్లగ అంటిందో. ఇంకా తాగతానే ఉండాది. నువ్వు నిమ్మళంగ పనికి పో" అనేది.

నేను పోయేవాణ్ణి.

వైశాఖ బహుళ షష్ఠి

పలక కాల్చాను. పేరు పలికాను.

సాయంత్రం తీసి తూస్తే బరువు పెద్దగా తగ్గలేదు. అద్దాల మీద దుమ్ము పడిందేమో, వేడి చాలలేదేమో అనుకున్నాను. పలక పైన మాత్రం తెల్లగా పొట్టులా లేచింది. లోపల బూడిదరంగు. రేపు మళ్లీ కాలుస్తాను.

బిడ్డ పాలు సరిగా తాగడం లేదు.

వైశాఖ బహుళ సప్తమి

అద్దాలు రెండుసార్లు తుడిచి మళ్లీ కాల్చాను. బరువు అంతే ఉంది.

ఇంట్లో సుంకమ్మ ఎదురుగానే ఇత్తడి తపేలాలో గడ్డలు వేసి నీళ్లు పోశాను. బుస లేదు. ఆవిరి లేదు. గిన్నె కూడా వేడెక్కలేదు. గడ్డలు నీళ్ల అడుగున రాళ్లలా పడి ఉన్నాయి.

"ఎందుకు ఉడకల్యా నాయినా?" అని సుంకమ్మ అడిగింది.

ఒక ముక్క తీసి వేళ్లతో నలిపాను. ఆ గరుకు నాకు తెలుసు. తొట్లు పూడ్చినప్పుడల్లా నా గోళ్ల కింద ఉండేది అదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చనిపోయిన ఏడు, ఉగాదికి, నన్ను ఒక గంప నల్లసున్నం అడిగింది. కుండల అరుగు పగిలిందని, పూడ్చుకుంటానని అంది. నేనే నింపి ఇచ్చాను. అదే వారం తన వంతు తెల్లసున్నం గంప కూడా నా చేతి మీదుగానే తీసుకుంది. కుండల అరుగు దగ్గరికి వెళ్లి చూశాను. ఆ పగులు ఈనాటికీ అలాగే ఉంది. ఆ నల్లసున్నం వెళ్లింది ఆమె పక్క గోడకే.

సుద్దముక్కను వెలుతురులో పెట్టి చూశాను. ముగ్గు వేసే సుద్ద కొన అరుగుతుంది. ఇది ఒక పక్కంతా చదునుగా, అరచేతి వెడల్పున అరిగి ఉంది. నేను లేవకముందే రోజూ గోడకు రుద్దేది కాబోలు. నా అరచేతికి అంటిన తెలుపు అది.

తెల్లరాయి సున్నానికీ సుద్దకూ తేడా చీకట్లో అయినా చెప్పగలను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆనిస్తే ఏమి అంటిందని ఎన్నడూ చూడలేదు. అంటిందా లేదా అన్నదే చూశాను.

"నల్లరాయి" అన్నాను సుంకమ్మతో. ఆమెకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆ తర్వాత బిడ్డను రొమ్ముకు అదుముకుని గోడ వైపు తిరిగింది. పై గదికి తీసుకెళ్లవలసిన బట్టలు మూట కట్టమని లింగన్నతో చెప్పింది.

వైశాఖ బహుళ అష్టమి

పొద్దున కాశింబి వచ్చింది. మా పక్కిల్లు. మొగుడు గని జారిపడినప్పుడు చనిపోయాడు, కొడుకు దస్తగిరితో ఒక్కతే ఉంటుంది. నన్ను అన్నా అంటుంది, బసమ్మను వదినా అనేది. ఈ మూడేళ్లలో మా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండానే వెళ్లిపోయేది. ఈ రోజు లోపలికి వచ్చి, చేతిలోని మూట కింద పెట్టి నిలబడింది.

బసమ్మ గోడ గీకింది, పలక అదిమింది ఆమే. పక్కింటి ఆడమనిషి కదా.

"నాకు తెలుసన్నా" అంది. "గీకితే రాలకపాయె. ఉలి పెట్టి కొట్టినా. పైన సుద్ద పూసి నీ చేతికిచ్చినా."

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దస్తగిరి పుట్టిన ఏడు గని జారింది, ఆమె మొగుడూ పోయాడు, ఆ వేసవికి గనీ మూసుకుపోయింది. తెల్లరాయి లేదు. అప్పటికే పంచిన వంతులు తప్ప మిగిలింది లేదు. మూడుసార్లు కాలిన సున్నం ఇస్తాం, లేకపోతే పై గదికి పొమ్మన్నారట. ఆ పొద్దే బసమ్మ తన గంప ఎత్తుకొచ్చి కాశింబి గుమ్మంలో పెట్టింది.

"వద్దు వదినా అంటి. 'నా దగ్గు ఎట్లా పోదులే కాశింబీ, గోడ ఏం జేస్తాది' అనె. అన్నకు చెప్పనని బిడ్డ మీద ఒట్టు ఏపించుకునె."

సుంకమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"అయితే మా యమ్మ గాలి తిని బతికినాడు నీ కొడుకు."

"అవును" అంది కాశింబి. "తిన్నాడు. కాదంటానా."

బిడ్డ ఊపిరి వినిపిస్తోంది. పొట్టిగా, గబగబా.

కాశింబి మూట విప్పింది. అందులో ఉన్నది దస్తగిరి పుట్టుగోడ పలక. మూడేళ్లు నిండి పిల్లలు పెద్ద గదిలో పడుకోవడం మొదలుపెట్టాక వాళ్ల పుట్టుగోడను, అంటే ఉయ్యాల పక్క గోడను, గీకి పలక చేసి దాస్తారు. పెళ్లినాడు దాన్ని కాల్చి కొత్త కాపురానికి మొదటి గోడ పూస్తారు. బతికున్నవాళ్ల పలకలను ఎవరూ అడగరు. రంగలక్ష్మమ్మ కూడా అడగలేదు.

"ఇది వదిన సున్నమే అన్నా. ఒక్కతూరే కాలింది. మావోడు ఇడిసిన ఊపిరి పోతాది, ఆమెది మిగలతాది. తీసుకో."

"వాని పెండ్లికి?" అన్నాను.

"పెండ్లినాటికి మనకు ఊపిరుంటే అప్పుడు సూసుకుందాం."

సుంకమ్మ దాన్ని చూస్తూ ఉంది. చెయ్యి చాచి పలకను తన ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో అంచు రాసి చూసుకుంది. తర్వాత నాకు అందించింది. ఇంకా ఎండ ముదరలేదు, పోయిరా అంది.

పలకను బట్టీలో పెట్టేటప్పుడు ఏ పేరు పలకాలో నాకు తెలియలేదు. దస్తగిరి అన్నాను. కాసేపు ఆగి బసమ్మ అన్నాను. బసమ్మ పేరు బట్టీ ముందు పలకడం అది మూడోసారి.

సాయంత్రం తూకం సగానికి తగ్గింది. నీళ్లు పోయగానే తపేలా అదిరి, బుస కొట్టి, ఆవిరి కప్పు దాకా లేచింది. కాశింబి గుమ్మం దగ్గరే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుంకమ్మ ఆమెను లోపలికి రమ్మని పిలిచింది. అత్తా అని కాదు, పేరు పెట్టీ కాదు. రా అంది, అంతే. ఇద్దరూ కలిసి గోడ పూశారు.

వైశాఖ అమావాస్య

ఉయ్యాల కిందికి దించాం. దీపం నిటారుగా ఉంది. బిడ్డ ఈ రోజు గట్టిగా ఏడ్చింది. పక్క ఇళ్లకు కూడా వినిపించిందట. ఓబులమ్మ అవ్వ వచ్చి చూసి, నోరు అచ్చం బట్టీ నోరే అంది.

ఒక ఇంట్లో ఒక గోడ తెల్లగా ఉంది. బతికున్నవాళ్ల పలకలు తప్ప గవిలో ఇక కాల్చడానికి ఏమీ మిగలలేదు. తొలకరి ఎప్పుడని అందరూ నన్ను అడుగుతున్నారు, బయటికి పోయివచ్చేవాణ్ణి కనుక. ఆకాశంలో ఏమీ లేదని చెప్పాను. వచ్చే వేసవి సంగతి ఎవరూ అడగలేదు.

బసమ్మ ఆ గోడ పక్కన పడుకోకపోతే ఇంకెన్నాళ్లు బతికేదో నాకు తెలియదు. దగ్గు ముందే ఉంది. లెక్క కట్టాలని రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను.

జ్యేష్ఠ శుద్ధ చవితి

తపేలాలోంచి తీసి మూలన పెట్టిన బసమ్మ పలక గడ్డలు ఇంకా అలాగే ఉన్నాయి. సుంకమ్మ వాటిని గూట్లో పెట్టమంది. మళ్లీ కాలిన నల్లసున్నం కదా, నేను మెత్తగా నూరి, ఇసుక కలిపి, కింది తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. ఆ తొట్టి చైత్రం నుంచి కారుతోంది. పగులు నీళ్ల అడుగున ఉంది. నీళ్లు తోడేయడానికి ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు. భుజం దాకా చెయ్యి ముంచి, వేళ్లతో తడుముకుంటూ పగుల్లోకి అదిమాను. ముద్ద గట్టిపడేదాకా అరచెయ్యి తీయకుండా పట్టుకుని ఉన్నాను. చాలాసేపు పట్టింది. నీళ్లకు వచ్చినవాళ్లు ఎందుకలా కూర్చున్నావని అడిగి, బిందెలు నింపుకుని వెళ్లిపోయారు.

జ్యేష్ఠ శుద్ధ అష్టమి

తొట్టి కారడం ఆగింది. కింద నేల ఆరింది.

పొద్దున మనవరాలి గోడకు అరచెయ్యి ఆనించాను. తెల్లగా అంటింది. నాలుక చివర పెట్టి చూసుకున్నాను. చురుక్కుమంది. సున్నమే.

అక్కడి నుంచి తొట్టి దగ్గరికి వెళ్లాను. నీళ్లలో చెయ్యి పెట్టి ఆ అతుకును తడిమి చూశాను. గట్టిగా ఉంది. చెయ్యి పైకి తీసి వెలుతురులో చూసుకున్నాను. ఏమీ అంటలేదు.